చిన్న ఊళ్ల బేస్‌బాల్ టీములు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చిన్న ఊరి మ్యూజియంకి వెళ్తే గోడ మీద ఒక పాత ఫొటో కనిపించడం మామూలే. మీసాలు మెలేసిన తొమ్మిదిమంది కుర్రాళ్లు, చొక్కాల మీద ఊరి పేరు, కాళ్ల దగ్గర అడ్డంగా పెట్టిన రెండు బ్యాట్లు. వీళ్లు ఎవరితో ఆడారు, డబ్బులు ఎవరిచ్చారు, చివరికి ఆ టీమ్ ఏమైంది అన్నది ఫొటో చెప్పదు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లూ, ఇక్కడ క్రికెట్ చూస్తూ పెరిగి ఆ ఆట మీద కుతూహలం ఉన్నవాళ్లూ అడిగే ప్రశ్నలకి జవాబులు ఇవి.

బేస్‌బాల్ కూపర్స్‌టౌన్ అనే ఊళ్లో పుట్టిందంటారు. నిజమేనా?

కాదు. కానీ ఆ కథ ఎలా అల్లారో తెలుసుకోవడం బాగుంటుంది. ఈ ఆట ఇంగ్లండ్ పిల్లలాడే రౌండర్స్ నుంచి వచ్చిందా, అచ్చంగా అమెరికాదేనా అన్న వాదన తేల్చడానికి 1905లో ఆల్బర్ట్ స్పాల్డింగ్ ఒక కమిషన్ వేయించాడు. ఆయన ఒకప్పటి ఆటగాడు, అప్పటికి బ్యాట్లూ బంతులూ అమ్మే పెద్ద వ్యాపారి. ఆట అమెరికాదే అని తేలాలన్నది ఆయన కోరిక, ఆ కోరిక దాచుకోనూ లేదు. డెన్వర్‌లో ఉండే అబ్నర్ గ్రేవ్స్ అనే గనుల ఇంజనీరు ఒక ఉత్తరం రాశాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో తన చిన్నతనంలో అబ్నర్ డబుల్‌డే ఈ ఆట కనిపెట్టాడని అందులో ఉంది. డబుల్‌డే సివిల్ వార్‌లో, అంటే అమెరికా అంతర్యుద్ధంలో, పేరు తెచ్చుకున్న జనరల్. కమిషన్‌కి ఇంకేం కావాలి? 1907 డిసెంబరులో, 1839లో కూపర్స్‌టౌన్‌లోనే పుట్టిందని తేల్చేశారు.

1839లో ఆ గ్రేవ్స్‌కి ఐదేళ్లు. డబుల్‌డే ఆ ఏడాది వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో చదువుకుంటున్నాడు. పైగా ఆయన కమిషన్‌కి పన్నెండేళ్ల ముందే, 1893లో పోయాడు. అడిగేందుకు మనిషి లేడు.

ఊరు మాత్రం ఆ కథ వదల్లేదు. 1930లలో పక్కనే ఉన్న ఫ్లై క్రీక్‌లో ఒక పాత ఇంటి అటక మీద, ట్రంకు పెట్టెలో, చినిగిన బంతి ఒకటి దొరికింది. సింగర్ కుట్టు మిషన్ల ఆస్తికి వారసుడైన స్టీఫెన్ క్లార్క్ దాన్ని 5 డాలర్లకి కొన్నాడు. అది ‘డబుల్‌డే బంతి’ అయి కూర్చుంది. ఆర్థిక మాంద్యంలో చితికిన ఊరికి యాత్రికులు కావాలి, ఆటకి ఒక పుణ్యక్షేత్రం కావాలి. 1939 జూన్ 12న అక్కడ మేటి ఆటగాళ్లని గౌరవించే మ్యూజియం, హాల్ ఆఫ్ ఫేమ్, తెరిచారు. పుట్టుక కథ కల్పితమే అయినా మ్యూజియం చూడదగ్గదే, అవకాశం ఉంటే వదులుకోకండి.

మరి అన్నిటికంటే పాత ఆధారం ఎక్కడిది?

అమెరికాలో ఇప్పటిదాకా దొరికినవాటిలో పేరుతో సహా రాసి ఉన్నది మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్ ఊరి కట్టుబాటు, 1791 నాటిది. కొత్తగా కట్టిన ప్రార్థనా మందిరం కిటికీల అద్దాలు పగలకుండా, దానికి 80 గజాల లోపు బేస్‌బాల్, క్రికెట్ లాంటి బంతాటలు ఆడకూడదని అందులో ఉంది. 2004లో చరిత్రకారుడు జాన్ థార్న్ దీన్ని బయటపెట్టాడు. ఆడొద్దని రాసుకున్నారంటే అప్పటికే పిల్లలు ఊరిని వేధించేస్తున్నారన్నమాట.

కెనడాలోని ఒంటారియో వాళ్లు బీచ్‌విల్ పేరు చెబుతారు. 1838 జూన్ 4న అక్కడ ఆట జరిగిందని ఆడమ్ ఫోర్డ్ అనే డాక్టరు 1886లో ఒక పత్రికకి రాశాడు. ఆట జరిగినప్పుడు ఆయనకి ఏడేళ్లు. ఆయన కూడా ఉత్తరం డెన్వర్ నుంచే రాశాడు! డెన్వర్ గాలిలో ఏముందో గానీ, రెండు కథల్నీ ఒకే తరాజులో తూచాలన్నది నా అభిప్రాయం. అయితే ఫోర్డ్ చెప్పిన గీతలూ కొలతలూ చాలా వివరంగా ఉన్నాయి కాబట్టి చరిత్రకారులు ఆయన్ని గ్రేవ్స్‌లా పూర్తిగా కొట్టిపారేయరు.

అప్పటి ఆట ఇప్పటిలాగే ఉండేదా?

ఊరికో రకంగా ఉండేది. 1845లో న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్ నియమాలు రాసుకుంది. అందులో గెలవడానికి 21 పరుగులు చేయాలి, ఇన్నింగ్స్‌కి లెక్కలేదు. 1846 జూన్ 19న నదికి ఆవల హోబోకెన్‌లో ఆడిన ప్రసిద్ధమైన మ్యాచ్‌లో ఆ నియమాలు రాసినవాళ్లే 23-1తో చిత్తుగా ఓడారు. తొమ్మిది ఇన్నింగ్స్, బేసుల (పరుగు తీసేవాడు చేరాల్సిన చోట్ల) మధ్య 90 అడుగులు 1857లో ఖాయమయ్యాయి.

మసాచుసెట్స్‌లో పద్ధతి వేరు. 1858లో డెడమ్ ఊళ్లో కూర్చుని రాసుకున్న నియమాల ప్రకారం 100 పరుగులు ముందు చేసినవాళ్లది గెలుపు. బేసుల చోట నాలుగడుగుల కర్రలు పాతేవాళ్లు. పరిగెత్తేవాడిని బంతితో కొడితే అవుట్. దెబ్బలు తగలకుండా బంతి మెత్తగా ఉండాలి, మెత్తటి బంతి దూరం పోదు. న్యూయార్క్ పద్ధతిలో మనిషిని కొట్టడం నిషేధం కాబట్టి బంతి గట్టిగా చేసుకోవచ్చు. గట్టి బంతి దూరం పోతుంది, మైదానం పెద్దదవుతుంది, చూడ్డానికి బాగుంటుంది. చివరికి నిలిచింది న్యూయార్క్ పద్ధతే.

చేతికి గ్లౌజులు లేవు. పిచర్ బంతిని కింది నుంచే విసరాలి, చేయి భుజం పైకి లేపి విసరడానికి అనుమతి 1884లో వచ్చింది. 1864 దాకా ఒక పిచ్ పడ్డ బంతిని పట్టుకున్నా అవుటే. వట్టి చేతులతో ఆడేవాళ్లకి ఆ మాత్రం దయ అవసరమే.

బంతులు ఎక్కడి నుంచి వచ్చేవి?

చేత్తో చేసుకునేవాళ్లు. నికర్‌బాకర్ క్లబ్ అధ్యక్షుడు డేనియల్ ఆడమ్స్ స్వయానా డాక్టరు, క్లబ్బుకి కావాల్సిన బంతులు కొన్నేళ్లపాటు ఆయనే చుట్టాడు. పాత రబ్బరు బూట్ల ముక్కలు లోపల, వాటి మీద ఊలు దారం, ఆపైన తోలు. పాత బంతుల తోలు ఇప్పటిలా రెండు ముక్కలు కాదు. నాలుగు రేకుల పువ్వులా కోసిన ఒకే ముక్కని బంతి చుట్టూ మడిచి కుడితే, కుట్లు నిమ్మకాయని నాలుగు చీల్చినట్టు ఒకచోట కలుస్తాయి. గెలిచిన టీమ్ ఆ మ్యాచ్ బంతిని ఇంటికి పట్టుకెళ్లేది. దానికి బంగారు రంగు వేసి, తేదీ, ప్రత్యర్థి పేరు, స్కోరు రాసి క్లబ్బులో అద్దాల బీరువాలో పెట్టేవాళ్లు. మ్యూజియంలో అలాంటిది కనిపిస్తే దగ్గరికెళ్లి చదవండి, కప్పులూ పతకాలూ రాకముందు ట్రోఫీ అంటే అదే.

చిన్న ఊళ్లకి ఈ ఆట ఎలా పాకింది?

రైలు, దినపత్రిక, సివిల్ వార్. 1861-65 యుద్ధంలో శిబిరాల్లో ఖాళీగా కూర్చున్న సైనికులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని, బతికి బయటపడ్డవాళ్లు ఊళ్లకి తీసుకెళ్లారు. ఆ పాకడం యుద్ధంతో మొదలవలేదు, అప్పటికే పాకుతున్న ఆటని యుద్ధం ముందుకు తోసింది. రైలు స్టేషన్ ఉన్న ఊరికి పక్క ఊరితో మ్యాచ్ పెట్టుకోవడం సులువైంది.

అసలు కారణం ఇంకోటి ఉంది. మధ్య పశ్చిమంలో ఊళ్లన్నీ కొత్తగా పుట్టినవి. కోర్టు మాకు రావాలి, రైలు జంక్షన్ మాకు రావాలి అని పోటీ. జనం వచ్చి స్థలాలు కొనాలి, కొట్లు పెట్టాలి. పేపర్లో పదిసార్లు ఊరి పేరు పడాలంటే టీమ్ కంటే చవకైన ప్రకటన లేదు. ఊరి వ్యాపారులు ఆట మీద మమకారంతోనే చందాలు వేశారనుకుంటే పొరపాటు.

టీమ్‌లో ఎవరు ఆడేవాళ్లు? డబ్బులు ఇచ్చేవాళ్లా?

మొదట్లో ఊరి గుమాస్తాలు, కొట్ల యజమానుల కొడుకులు, లాయర్లు. మధ్యాహ్నం పని మానుకోగలిగినవాళ్లు. బాగా ఆడేవాళ్లది ‘ఫస్ట్ నైన్’, ఆ తర్వాతివాళ్లది ‘సెకండ్ నైన్’, బంతి కూడా పట్టలేనివాళ్లని ‘మఫిన్లు’ అనేవాళ్లు. లావుపాటివాళ్లకీ సన్నగా ఉన్నవాళ్లకీ, పెళ్లయినవాళ్లకీ కానివాళ్లకీ మఫిన్ మ్యాచ్‌లు పెట్టేవాళ్లు. పాత పేపర్లలో ఆ రిపోర్టులే అన్నిటికన్నా సరదాగా ఉంటాయి.

పక్క ఊరి చేతిలో రెండుసార్లు ఓడాక సరదా పోతుంది. సంక్రాంతి కబడ్డీ పోటీలకి ఎక్కడి నుంచో ఆటగాణ్ణి దింపి ‘మా ఊరివాడే’ అన్నట్టుగా అక్కడా బయటి పిచర్లు దిగేవాళ్లు. ఊళ్లో ఏదో కొట్లో ఉద్యోగం అని పేరు, పని మాత్రం శనివారం బంతి విసరడం. జీతం చందాల నుంచి, టికెట్ల నుంచి, మ్యాచ్ మధ్యలో తిప్పిన టోపీలో పడ్డ చిల్లర నుంచి వచ్చేది. దీన్నే సెమీ ప్రో అన్నారు.

పెద్ద ఊళ్లలోనూ ఇదే నాటకం. వాషింగ్టన్ నేషనల్స్ టీమ్‌లో సగం మంది ప్రభుత్వ గుమాస్తాలు. వాళ్లలో జార్జ్ రైట్ ఆఫీసు చిరునామా అని ఇచ్చిన చోట భవనమే లేదు, పార్కు ఉంది. దాచకుండా అందరికీ జీతాలిచ్చిన మొదటి టీమ్ 1869 నాటి సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్.

చిన్న ఊరు పెద్ద టీమ్‌ని ఓడించిన సందర్భం ఉందా?

చెప్పుకోదగ్గది 1867 జులై 25 నాటిది. ఆ నేషనల్స్ పశ్చిమానికి యాత్ర కట్టి, దారిలో ఉన్న ప్రతి టీమ్‌నీ ఉతికి ఆరేస్తూ షికాగో చేరారు. అక్కడ ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్ అనే ఊరి టీమ్ ఫారెస్ట్ సిటీస్‌తో మ్యాచ్. అసలు పోరు షికాగో ఎక్సెల్సియర్స్‌తో కదా, ఇది కాళ్లూ చేతులూ ఆడించుకోవడానికి అనుకున్నారు. రాక్‌ఫర్డ్ 29-23తో గెలిచింది. పిచర్‌కి పదహారేళ్లు, పేరు ఆల్బర్ట్ స్పాల్డింగ్. పైన కమిషన్ వేయించింది ఈయనే.

షికాగోవాళ్లు పొంగిపోయారు. రాక్‌ఫర్డ్‌ని మేం ఓడిస్తాం, రాక్‌ఫర్డ్ వీళ్లని ఓడించింది, లెక్క సులువేగా! రెండు రోజుల తర్వాత నేషనల్స్ ఆ షికాగో టీమ్‌ని 49-4తో చితక్కొట్టారు. పందేలు కాసి పోగొట్టుకున్న ఊరి పేపరు ఊరుకుంటుందా, నేషనల్స్ కావాలనే రాక్‌ఫర్డ్‌కి ఓడిపోయారని ఆరోపించింది. స్పాల్డింగ్ మాత్రం రాక్‌ఫర్డ్ నుంచి బోస్టన్‌కీ, అక్కణ్ణించి షికాగోకీ వెళ్లి పెద్ద ఆటగాడయ్యాడు. బాగా ఆడిన కుర్రాడు ఊళ్లో మిగలకపోవడం ప్రతి చిన్న ఊరి టీమ్‌కీ జరిగేదే.

మొదటి ప్రొఫెషనల్ లీగ్ మ్యాచ్ చిన్న ఊళ్లోనే జరిగిందట?

అవును, ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో, 1871 మే 4న. ఊరి టీమ్ పేరు కెకియోంగా, ఆ చోట ఉండిన మయామీ తెగవారి పల్లె పేరే అది. క్లీవ్‌లాండ్ ఫారెస్ట్ సిటీస్‌ని 2-0తో ఓడించారు. ఒక్కో జట్టు ఇరవై ముప్పై పరుగులు కొట్టే రోజుల్లో 2-0 అంటే జనం నోళ్లు వెళ్లబెట్టారు. బంతి విసిరిన బాబీ మాథ్యూస్‌ది బాల్టిమోర్, టీమ్‌లో ఇంకొందరు కూడా అక్కణ్ణించి తెచ్చుకున్నవాళ్లే.

నేషనల్ అసోసియేషన్ అనే ఆ లీగ్‌లో చేరడానికి రుసుము 10 డాలర్లు. అంత చవక కాబట్టే చిన్న ఊళ్లు దూకాయి. ప్రయాణం ఖర్చు, జీతాలు తర్వాత తెలిశాయి. కెకియోంగా ఆ సీజన్ కూడా పూర్తి చేయలేదు. 1875లో అయోవాలోని కియోకక్ ఊరి వెస్టర్న్స్ 13 మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచి చాప చుట్టేశారు. టికెట్లు కొనే జనమే లేని ఊరికి తూర్పు తీరం నుంచి రైలు చార్జీలు పెట్టుకుని ఏ టీమ్ వస్తుంది?

క్రికెట్‌తో సంబంధం ఏమైనా ఉందా?

చాలా. సిన్సినాటి జట్టుని నడిపిన హ్యారీ రైట్ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టిన క్రికెటర్. స్కోరుని పేపర్లో పట్టికగా వేసే పద్ధతిని, అంటే బాక్స్ స్కోరుని, తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ కూడా ఇంగ్లండ్‌లో పుట్టి క్రికెట్ వార్తలు రాసినవాడే. 1859లో ఇంగ్లండ్ జట్టు అమెరికా వచ్చి ఆడినప్పుడు జనం బాగానే వచ్చారు. రెండుమూడు రోజుల ఆటకి అక్కడివాళ్లకి తీరిక లేదు, చదును చేసిన పిచ్ తయారు చేసే ఓపిక అంతకన్నా లేదు. బేస్‌బాల్‌కి పచ్చిక బీడు చాలు.

నల్లజాతి ఆటగాళ్లకి చిన్న ఊళ్లలో చోటు ఉండేదా?

ఉండేది, పోయేది. బడ్ ఫౌలర్ అసలు పేరు జాన్ జాక్సన్, పెరిగింది కూపర్స్‌టౌన్‌లోనే. 1878లో ప్రొఫెషనల్‌గా మొదలుపెట్టి, తెల్లవాళ్ల టీముల్లో ఊరూరా తిరిగాడు. బాగా ఆడేవాడు, కొన్నాళ్లకి ఎవరో ఒకరు ‘వాడితో మేం ఆడం’ అనేవాళ్లు, మళ్లీ మూటా ముల్లె సర్దుకునేవాడు. మధ్యమధ్యలో మంగలి పని చేసుకుని బతికాడు. 1880ల చివరికి లీగుల తలుపులు పూర్తిగా మూసుకుంటుంటే, 1895లో మిషిగన్‌లోని ఏడ్రియన్ ఊళ్లో పేజ్ ఫెన్స్ జెయింట్స్ అనే నల్లజాతి టీమ్ పెట్టడంలో ముందున్నాడు. డబ్బు పెట్టింది తీగ కంచెలు తయారుచేసే కంపెనీ. టీమ్‌కి సొంత రైలు పెట్టె ఉండేది, అందులోనే పడక, వంట. హోటళ్లలో గదులివ్వరు కాబట్టి అది తప్పనిసరి. మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లు సైకిళ్ల మీద ఊరేగి జనాన్ని పోగేసేవాళ్లు. ఫౌలర్ 1913లో పేదగా పోయాడు, 1987 దాకా సమాధికి రాయి కూడా లేదు. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, తను పెరిగిన ఊళ్లోనే.

నార్త్ డకోటాలోని బిస్మార్క్‌ది ఇంకో కథ. కార్లు అమ్మే నీల్ చర్చిల్‌కి పక్కనున్న జేమ్స్‌టౌన్‌ని ఓడించాలన్న పంతం. సాచెల్ పేజ్ లాంటి నల్లజాతి మేటి ఆటగాళ్లని తెచ్చి తెల్లవాళ్లతో కలిపి ఆడించాడు. 1935లో కాన్సస్‌లోని విచిటాలో మొదటిసారి జరిగిన జాతీయ సెమీ ప్రో టోర్నమెంట్ ఆ టీమే గెలిచింది. ఆధునిక కాలంలో మొదటి నల్లజాతి ఆటగాడిగా జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లోకి, అంటే అన్నిటికంటే పై స్థాయి ఆటలోకి, రావడానికి ఇంకా పన్నెండేళ్లుంది. చర్చిల్‌ది సంస్కరణ దృష్టి అనుకోను, గెలవాలన్న కసి. ఫలితం మాత్రం మెచ్చుకోవాల్సిందే.

ఆడవాళ్లు ఆడారా?

ఆడారు. ఒహాయోలోని రాగర్స్‌విల్ అనే పల్లె నుంచి వచ్చిన ఆల్టా వైస్ 1907లో, పదిహేడేళ్లకి, వర్మిలియన్ ఇండిపెండెంట్స్ అనే మగవాళ్ల సెమీ ప్రో టీమ్‌కి పిచర్‌గా దిగింది. ఆమెని చూడ్డానికి క్లీవ్‌లాండ్ నుంచి ప్రత్యేకంగా రైళ్లు వేశారు. మొదట పొడుగు లంగాతోనే ఆడి, అది కుదరదని తేల్చుకుని బ్లూమర్స్‌కి, అంటే వదులు పైజామా లాంటిదానికి, మారింది. వాళ్ల నాన్న డాక్టరు, కూతురి పేరు మీద టీమ్ నడిపాడు. ఆట మీద వచ్చిన డబ్బుతో ఆమె మెడిసిన్ చదివి తనూ డాక్టరైంది.

మిల్లు టీములంటే ఏమిటి?

దక్షిణాదిలో నూలు మిల్లులున్న ఊళ్లలో టీమ్ మిల్లుది. సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో బ్రాండన్ మిల్లు నుంచి వచ్చినవాడే జో జాక్సన్. బడి ముఖం చూడకుండా చిన్నప్పుడే మిల్లులో పనికి కుదిరి, పదమూడేళ్లకే పెద్దవాళ్ల టీమ్‌లో ఆడాడు. కొత్త బూట్లు కరిచి బొబ్బలెక్కితే మేజోళ్లతోనే ఆడినందుకు ‘షూలెస్ జో’ అయ్యాడు. యాజమాన్యాలకి టీమ్ వల్ల లాభం ఏమిటంటే, కార్మికులు శనివారం మైదానంలో ఉంటే యూనియన్ మీటింగులో ఉండరు.

ఆటగాళ్లు మారుపేర్లతో ఎందుకు ఆడేవాళ్లు?

కాలేజీ ఆటగాళ్లు డబ్బు తీసుకుంటే అమెచ్యూర్, అంటే డబ్బు కోసం ఆడనివాళ్లు, అన్న హోదా పోతుంది. అందుకని వేసవిలో చిన్న ఊళ్ల టీముల్లో దొంగపేర్లతో ఆడేవాళ్లు. జిమ్ థోర్ప్ 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌లో డబ్బు తీసుకుని, సొంత పేరుతోనే ఆడాడు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. 1913 జనవరిలో పాత సంగతి ఒక పేపర్లో రాగానే పతకాలు లాక్కున్నారు. ఫిర్యాదు 30 రోజుల్లోపు రావాలన్న నియమం ఎవరికీ గుర్తు రాలేదు. 1953లో ఆయన పోయాక, 1982లో ఉమ్మడి విజేతగా, 2022లో ఏకైక విజేతగా ఒప్పుకున్నారు. దొంగపేరు పెట్టుకున్నవాళ్లు హాయిగా తప్పించుకున్నారు.

ఆదివారం మ్యాచ్‌లు ఉండేవి కాదా?

చాలాచోట్ల చట్టం ఒప్పుకునేది కాదు. కూలీలకి సెలవు ఆ ఒక్కరోజే, చర్చి పెద్దలకి అదే అభ్యంతరం. పెన్సిల్వేనియాలో 1933 చివర్లో ఓటింగ్ పెట్టాకే ప్రొఫెషనల్ మ్యాచ్‌లకి దారి దొరికింది. రాత్రి ఆటల్లో కూడా పెద్ద నగరాల కంటే చిన్న ఊళ్లే ముందు: కాన్సస్‌లోని ఇండిపెండెన్స్‌లో 1930 ఏప్రిల్ 28న దీపాల కింద లీగ్ మ్యాచ్ ఆడారు, మేజర్ లీగ్‌కి అది 1935లో వచ్చింది.

ఈ టీములన్నీ ఎందుకు పోయాయి?

టీవీ అని ఒక్క మాటలో చెప్పేస్తారు. అది చివరి దెబ్బ మాత్రమే. కారు వచ్చాక సాయంత్రం పక్క నగరానికి పోవడం తేలికైంది, రేడియోలో మేజర్ లీగ్ ఇంట్లోకి వచ్చింది, కొట్లవాళ్లకి ఊరి పేరు మోసే ప్రకటన అవసరం తీరిపోయింది. 1949లో మైనర్ లీగులు (మేజర్ లీగ్‌కి కింది స్థాయివి) 59 ఉండేవి, అంతకుముందూ తర్వాతా అన్ని లేవు. 1960ల మొదట్లోకి ఇరవై కంటే తగ్గాయి. 2021 సీజన్‌కి ముందు మేజర్ లీగ్ తన అనుబంధ టీముల్ని 120కి కుదించినప్పుడు ఇంకొన్ని ఊళ్లు లెక్కలోంచి పోయాయి.

ఇప్పటికీ ఊరి టీములు చూడొచ్చా?

మిన్నెసోటా వెళ్లండి. అక్కడ దీన్ని టౌన్ బాల్ అంటారు, వందల కొద్దీ ఊళ్లకి ఇప్పటికీ టీములున్నాయి, 1924 నుంచి రాష్ట్ర స్థాయి అమెచ్యూర్ టోర్నమెంట్ జరుగుతోంది. ఆటగాళ్లు పగలు టీచర్లు, రైతులు. టెక్సస్‌లో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ అనే మైనర్ లీగ్ టీమ్ ఉంది. అది ఊరివాళ్ల టీమ్ కాదు, టెక్సస్ రేంజర్స్‌కి అనుబంధం. అయినా పిల్లల్ని తీసుకెళ్లడానికి బాగుంటుంది, పార్కింగ్ టెన్షన్ కూడా పెద్ద నగరాలంత ఉండదు.

నేనుంటున్న అమెరికన్ ఊరి పాత టీమ్ గురించి ఎలా వెతకాలి?

ముందు ఊరి లైబ్రరీకి వెళ్లి మైక్రోఫిల్మ్ (పాత పేపర్లని ఫొటో తీసి పెట్టిన రీళ్లు) అడగండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికా అనే ఆన్‌లైన్ సేకరణలో పాత పేపర్లు ఉచితంగా చదవొచ్చు. పందొమ్మిదో శతాబ్దం పేపర్లలో ‘బేస్ బాల్’ అని రెండు ముక్కలుగా రాసేవాళ్లు, అలా కూడా వెతకండి. అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4కి ముందూ వెనకా సంచికలు ముందు చూడండి, పెద్ద మ్యాచ్ ఆ రోజున పెట్టుకునేవాళ్లు.

బాక్స్ స్కోరులో ఇంటిపేర్లే ఉంటాయి, అవీ తప్పుల తడకగా. ఒక వరుసలో ‘స్మిత్, సెకండ్ బేస్’ అని ఉంటే ఆ స్మిత్ ఎవరో తెలియాలంటే జనాభా లెక్కలూ, ఊరి డైరెక్టరీ పక్కన పెట్టుకోవాలి. వయసు 18 నుంచి 30 మధ్య, వృత్తి గుమాస్తా, చిరునామా మెయిన్ స్ట్రీట్ దగ్గర్లో అయితే దాదాపు దొరికినట్టే. 1890 లెక్కలు మాత్రం ఆశించకండి, 1921 అగ్నిప్రమాదం తర్వాత వాటిలో మిగిలింది చాలా తక్కువ. మైదానం ఎక్కడుండేదో సాన్‌బోర్న్ కంపెనీ అగ్నిప్రమాద బీమా మ్యాపుల్లో దొరకొచ్చు. చెక్క గ్యాలరీ అంటుకుంటుందని వాళ్ల భయం, అందుకని కొలతలతో సహా గీసేవాళ్లు.

ఓడిన మ్యాచ్ గురించి సొంత ఊరి పేపరు రెండు లైన్లు రాసి ఊరుకుంటుంది, లేదా అంపైర్‌ని తిడుతుంది. స్కోరు కావాలంటే గెలిచిన ఊరి పేపరు వెతకండి. ఒక మ్యాచ్‌కి రెండు ఊళ్ల పేపర్లూ దొరికేదాకా ఏదీ ఖాయం చేసుకోవద్దు. ఇంకా చిక్కుపడితే సేబర్ అనే బేస్‌బాల్ చరిత్ర సంఘం ఉంది, 1971లో కూపర్స్‌టౌన్‌లో పదహారుమంది కలిసి పెట్టింది. చిన్న ఊళ్ల టీముల మీద పనిచేసేవాళ్లు అందులో చాలామంది, ప్రశ్న సూటిగా, ఊరూ సంవత్సరమూ వేసి అడిగితే జవాబిస్తారు.